పెద్దప్రేగు క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత రక్తపు గడ్డలు

పెద్దప్రేగులో గాని, పురీషనాళంలో గాని ఏర్పడిన క్యాన్సర్ కణితిని శస్త్రచికిత్స ద్వారా తొలగించిన తరువాత కొందరు రోగులకు సిరలలో రక్తం గడ్డకడుతుంది. పెద్ద శస్త్రచికిత్సల తరువాత వచ్చే ఉపద్రవాలలో ఇది ముఖ్యమైనది. ఈ గడ్డలు ఎక్కువగా కాళ్ళలోను, కటి ప్రదేశంలోను ఉండే లోతైన సిరలలో ఏర్పడతాయి. ఈ స్థితిని వైద్య పరిభాషలో డీప్ వీన్ థ్రాంబోసిస్ అంటారు. గడ్డలో కొంతభాగం తెగి, రక్తప్రవాహంతో కొట్టుకుపోయి, ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటే దానిని పల్మనరీ ఎంబాలిజమ్ అంటారు. ఈ రెండూ ఒకే వ్యాధికి చెందిన రెండు రూపాలు కనుక రెండింటినీ కలిపి వీనస్ థ్రాంబోఎంబాలిజమ్ అని వ్యవహరిస్తారు.

ఈ వ్యాధికి రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. మొదటిది, ముందుజాగ్రత్త తీసుకుంటే దీనిని చాలావరకు నివారించవచ్చు. రెండవది, గాయం మాని, రోగి ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన తరువాత కూడా దీని అపాయం కొన్ని వారాలపాటు కొనసాగుతుంది. అందువలన శస్త్రచికిత్స జరిగిన రోజు నుండి సుమారు నాలుగు వారాల వరకు నివారణ చికిత్స అవసరమవుతుంది.

రక్తం గడ్డకట్టే విధానం

రక్తనాళానికి గాయమైనప్పుడు రక్తస్రావాన్ని ఆపడానికి శరీరం చేసే ఏర్పాటును రక్తస్కందనం అంటారు. ముందుగా రక్త ఫలకికలు గాయమైన చోట గుమికూడి తాత్కాలికంగా రంధ్రాన్ని మూసివేస్తాయి. తరువాత రక్తంలోని స్కందన కారకాలు ఒకదాని వెంట ఒకటి ఉత్తేజితమై, చివరకు థ్రాంబిన్ అనే ఎంజైము తయారవుతుంది. ఇది రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఈ పోగులు వల వలె అల్లుకొని, అందులో ఎర్ర రక్తకణాలు చిక్కుకోగా గట్టి గడ్డ ఏర్పడుతుంది. గాయం మానే కొద్దీ ప్లాస్మిన్ అనే మరొక ఎంజైము ఈ వలను కరిగిస్తుంది.

ఆరోగ్యవంతులలో గడ్డకట్టడం, కరగడం అనే ఈ రెండు ప్రక్రియలు సమతూకంలో ఉంటాయి. రక్తనాళాల లోపొర నునుపుగా ఉండి, రక్తం నిలిచిపోకుండా ప్రవహిస్తున్నంత కాలం గాయం లేని చోట గడ్డ ఏర్పడదు. పెద్ద శస్త్రచికిత్స ఈ సమతూకాన్ని కొన్ని వారాలపాటు గడ్డకట్టే వైపు మొగ్గేటట్లు చేస్తుంది. కోత పెట్టిన చోట రక్తస్రావాన్ని ఆపి ప్రాణం కాపాడే ఏర్పాటే, అవసరం లేని చోట పనిచేసి ప్రాణాపాయం తెచ్చిపెడుతుంది.

కారణాలు

జర్మనీకి చెందిన వైద్యశాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో (1821-1902) ఊపిరితిత్తుల ధమనులలో కనిపించే గడ్డలు అక్కడ పుట్టినవి కావని, శరీరంలోని ఇతర సిరల నుండి కొట్టుకువచ్చినవని నిరూపించాడు. ఈ పరిశోధనలు 1856లో వెలువడిన ఆయన వ్యాససంపుటిలో ఉన్నాయి. సిరలలో రక్తం గడ్డకట్టడానికి మూడు ప్రధాన కారణాలున్నాయని తరువాతి కాలపు వైద్యులు క్రోడీకరించి, ఆ మూడింటికి విర్కో త్రయం అని పేరు పెట్టారు. అవి:

1. రక్తప్రవాహం మందగించడం
2. రక్తనాళపు లోపొర దెబ్బతినడం
3. రక్తానికి గడ్డకట్టే స్వభావం పెరగడం

పెద్దప్రేగు క్యాన్సర్ శస్త్రచికిత్సలో ఈ మూడూ ఒకేసారి కలుస్తాయి.

రక్తప్రవాహం మందగించడం: కాళ్ళ నుండి రక్తం గుండె వైపు పైకి ప్రవహించడానికి పిక్క కండరాల సంకోచం తోడ్పడుతుంది. నడిచేటప్పుడు ఈ కండరాలు సిరలను నొక్కి రక్తాన్ని పైకి నెడతాయి. మత్తుమందు ఇచ్చిన తరువాత కండరాలు సడలిపోయి, ఈ పని కొన్ని గంటలపాటు నిలిచిపోతుంది. గడ్డలు సాధారణంగా పిక్క సిరలలోని కవాటాల వెనుక, రక్తం నిలువ ఉండే చిన్న గుంటలలో మొదలవుతాయి. పురీషనాళ శస్త్రచికిత్సలో రోగి కాళ్ళను ఎత్తి, ఆధారాలపై ఎడంగా ఉంచవలసి వస్తుంది. లాపరోస్కోపీ పద్ధతిలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువును నింపినప్పుడు, ఆ ఒత్తిడి వలన కాళ్ళ నుండి వచ్చే రక్తం మరింత నెమ్మదిస్తుంది. శస్త్రచికిత్స తరువాత నొప్పి, నీరసం, సెలైను గొట్టాలు, మూత్రపు గొట్టం కారణంగా రోగి మంచం దిగడం ఆలస్యమవుతుంది.

లోపొర దెబ్బతినడం: పురీషనాళం కటి ప్రదేశంలో పెద్ద సిరలకు అతి సమీపంలో ఉంటుంది. కణితిని, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులను తీసివేసేటప్పుడు ఈ సిరలను పక్కకు లాగవలసి వస్తుంది. దీనివలన వాటి లోపొర దెబ్బతినవచ్చు. పురీషనాళ క్యాన్సర్‌కు ముందుగా ఇచ్చే రేడియేషన్ చికిత్స కూడా సిరలకు కొంత హాని చేస్తుంది. కీమోథెరపీ కొరకు మెడ లేక చేతి సిరలలో అమర్చే గొట్టాల చుట్టూ కూడా గడ్డలు ఏర్పడవచ్చు.

గడ్డకట్టే స్వభావం పెరగడం: క్యాన్సర్ కణాలు టిష్యూ ఫ్యాక్టర్ అనే మాంసకృత్తును విడుదల చేసి స్కందన ప్రక్రియను ప్రేరేపిస్తాయి. జిగురు పదార్థాన్ని స్రవించే ప్రేగు కణితులు రక్త ఫలకికలను కూడా ఉత్తేజపరుస్తాయి. వీటికి తోడు, ఏ పెద్ద గాయమైనా శరీరంలో స్కందన కారకాలను పెంచుతుంది.

గడ్డలు కుడికాలి కంటే ఎడమకాలిలో ఎక్కువగా కనిపిస్తాయి. ఎడమకాలి నుండి రక్తాన్ని తీసుకువెళ్ళే పెద్ద సిరపై కుడికాలికి వెళ్ళే ధమని అడ్డంగా సాగి, దానిని వెన్నెముక వైపు నొక్కడమే దీనికి ముఖ్య కారణం.

క్యాన్సర్‌తో సంబంధం

క్యాన్సర్‌కు, సిరలలో గడ్డలకు గల సంబంధాన్ని ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఆర్మాండ్ ట్రూసో 1865లో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసాలలో వివరించాడు. కారణం తెలియకుండా సిరలలో గడ్డలు ఏర్పడిన రోగిలో, లోపల దాగి ఉన్న క్యాన్సర్‌ను అనుమానించాలని ఆయన బోధించాడు. 1867లో ఆయన సిరలోనే గడ్డ ఏర్పడింది. దానిని చూసి ఆయన తనకు క్యాన్సర్ ఉన్నదని నిశ్చయించుకున్నాడు. అదే సంవత్సరం జఠర క్యాన్సర్‌తో మరణించాడు. క్యాన్సర్ వలన సిరలలో గడ్డలు ఏర్పడే స్థితిని నేటికీ ట్రూసో సిండ్రోమ్ అని పిలుస్తారు.

ఒకే రకమైన శస్త్రచికిత్స చేయించుకున్నప్పటికీ, క్యాన్సర్ లేనివారితో పోలిస్తే క్యాన్సర్ రోగులలో కాలి సిరలలో గడ్డలు కనీసం రెండు రెట్లు, ప్రాణాంతకమైన పల్మనరీ ఎంబాలిజమ్ మూడు రెట్లకు పైగా ఎక్కువని వైద్య గ్రంథాలు పేర్కొంటున్నాయి.

ఎవరికి అపాయం ఎక్కువ

రోగికి ఉన్న అపాయాన్ని అంచనా వేయడానికి పలు పద్ధతులున్నాయి. శస్త్రచికిత్స విభాగాలలో ఎక్కువగా వాడేది అమెరికా శస్త్రవైద్యుడు జోసెఫ్ కాప్రిని రూపొందించిన పట్టిక. ఇందులో ఒక్కొక్క అంశానికి కొన్ని మార్కులు ఉంటాయి. 45 నిమిషాలకు మించిన పెద్ద శస్త్రచికిత్సకు 2, క్యాన్సర్‌కు 2, వయస్సు 61-74 మధ్య ఉంటే 2, 75 గాని అంతకు మించి గాని ఉంటే 3, గతంలో సిరలలో గడ్డ ఏర్పడి ఉంటే 3 చొప్పున కలుపుతారు. మొత్తం 5 గాని అంతకు మించి గాని వస్తే అపాయం ఎక్కువగా ఉన్నట్లు లెక్క. దీని ప్రకారం 65 ఏళ్ళ వయస్సులో పెద్దప్రేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకున్న వ్యక్తికి, వేరే ఏ జబ్బూ లేకపోయినా, 6 మార్కులు వస్తాయి. అనగా ఈ వర్గపు రోగులలో అపాయం ఎక్కువగా ఉండటం సర్వసాధారణం.

స్థూలకాయం, దీర్ఘకాలం మంచంలో ఉండటం, శస్త్రచికిత్స తరువాత సోకే ఇన్ఫెక్షన్లు, కుట్టిన ప్రేగు అతుకు వద్ద లీకు కావడం, ప్రేగు మూసుకుపోయి అత్యవసరంగా శస్త్రచికిత్స చేయవలసి రావడం, రెండవసారి పొట్ట తెరవవలసి రావడం కూడా అపాయాన్ని పెంచుతాయి.

ఎంత తరచుగా, ఎప్పుడు వస్తాయి

ఈ విషయంలో వేర్వేరు అధ్యయనాలు ఇచ్చే అంకెల మధ్య చాలా తేడా కనిపిస్తుంది. లెక్కించే పద్ధతే ఇందుకు కారణం. లక్షణాలు లేకపోయినా రోగులందరి కాళ్ళనూ పరీక్షించి చూస్తే, చిన్న గడ్డలన్నీ బయటపడి శాతం ఎక్కువగా కనిపిస్తుంది. బాధతో వచ్చినవారిని మాత్రమే లెక్కిస్తే శాతం తగ్గుతుంది. లండన్‌లోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో విజయ్ కక్కర్, ఆయన సహచరులు 1969లో రేడియోధార్మిక ఫైబ్రినోజన్‌ను ఉపయోగించి, నివారణ మందులు తీసుకోని శస్త్రచికిత్స రోగులలో నూటికి సుమారు 30 మందికి కాలి సిరలలో గడ్డలు ఏర్పడుతున్నట్లు కనుగొన్నారు. వీటిలో చాలా గడ్డలు వాటంతట అవే కరిగిపోయాయి. కొన్ని మాత్రం పైకి, తొడ సిరల వరకు పెరిగాయి. ప్రమాదకరమైనవి ఈ రెండవ రకానివి.

ఇటలీలో క్యాన్సర్ శస్త్రచికిత్స చేయించుకున్న 2,373 మందిపై జరిగిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. అందులో లక్షణాలతో బయటపడిన గడ్డలు 2.1 శాతం మందిలో మాత్రమే కనిపించాయి. అయితే శస్త్రచికిత్స తరువాత సంభవించిన మరణాలలో 46.3 శాతానికి ఈ గడ్డలే కారణమయ్యాయి. గడ్డలలో 40 శాతం శస్త్రచికిత్స జరిగిన 21 రోజుల తరువాత బయటపడ్డాయి.

బ్రిటన్‌లో తొమ్మిది లక్షలకు పైగా మధ్యవయస్సు స్త్రీలను పరిశీలించిన మిలియన్ విమెన్ స్టడీ ఫలితాలు 2009లో ప్రచురితమయ్యాయి. ఆసుపత్రిలో ఉండి శస్త్రచికిత్స చేయించుకున్న వారిలో, మొదటి ఆరు వారాలలో గడ్డల కారణంగా ఆసుపత్రిలో చేరే అవకాశం శస్త్రచికిత్స లేనివారి కంటే సుమారు 70 రెట్లు ఎక్కువగా ఉంది. ఈ అపాయం మూడవ వారంలో అత్యధిక స్థాయికి చేరింది. పన్నెండు వారాల కాలంలో శస్త్రచికిత్స లేని స్త్రీలలో 6,200 మందికి ఒకరు, క్యాన్సర్ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో 85 మందికి ఒకరు గడ్డలతో ఆసుపత్రి పాలయ్యారు లేదా మరణించారు.

పెద్దప్రేగు శస్త్రచికిత్స చేయించుకున్న రోగి, ఇబ్బందులేవీ లేకపోతే, సాధారణంగా వారం పది రోజులలోపే ఇంటికి వెళతాడు. అనగా అపాయం శిఖరానికి చేరే మూడవ వారంలో రోగి వైద్యుల కంటికి దూరంగా, ఇంటివద్ద ఉంటాడు.

లక్షణాలు

కాలి సిరలోని గడ్డ చాలాసార్లు ఏ లక్షణాన్నీ చూపదు. చూపినప్పుడు కిందివి కనిపిస్తాయి:

* ఒక కాలు మాత్రమే వాయడం. రెండు కాళ్ళూ సమానంగా వాస్తే ఇతర కారణాలను కూడా ఆలోచించాలి.
* పిక్కలో గాని తొడలో గాని నొప్పి, బరువు, నొక్కితే బాధ
* చర్మం ఎర్రబడటం, వేడిగా ఉండటం, పైసిరలు ఉబ్బడం

గడ్డ ఊపిరితిత్తులకు చేరినప్పుడు కనిపించే లక్షణాలు:

* అకస్మాత్తుగా ఆయాసం
* ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు
* గుండెదడ
* దగ్గుతో రక్తం పడటం
* కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం

పెద్ద గడ్డ ఊపిరితిత్తుల ప్రధాన ధమనిని మూసివేస్తే, గుండె కుడి జఠరిక ఆ ఒత్తిడిని తట్టుకోలేక కొద్ది నిమిషాలలోనే మరణం సంభవించవచ్చు. కొందరిలో ఇదే వ్యాధి యొక్క మొదటి లక్షణం కావడం వలన, లక్షణాల కోసం వేచి చూడటం కంటే నివారణకే వైద్యులు ప్రాధాన్యం ఇస్తారు.

అరుదుగా ప్రేగుల నుండి కాలేయానికి రక్తం తీసుకువెళ్ళే కాలేయ నిర్వాహక సిరలో కూడా గడ్డ ఏర్పడుతుంది. శస్త్రచికిత్స తరువాత వదలని కడుపునొప్పి, జ్వరం, వాంతులు దీని సూచనలు కావచ్చు.

వ్యాధి నిర్ధారణ

కాలి సిరల గడ్డలను డాప్లర్ అల్ట్రాసౌండ్ పరీక్షతో నిర్ధారిస్తారు. పరికరంతో సిరపై నొక్కినప్పుడు మామూలు సిర పూర్తిగా అణుగుతుంది. గడ్డ ఉన్న సిర అణగదు. ఈ పరీక్షలో నొప్పి గాని, రేడియేషన్ గాని ఉండదు. ఊపిరితిత్తులలోని గడ్డలను సిర ద్వారా అయోడిన్ మందు ఎక్కించి తీసే సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్ చూపుతుంది. మూత్రపిండాల వ్యాధి వలన ఈ మందు ఇవ్వకూడని వారికి ఊపిరితిత్తుల స్కానింగు చేస్తారు.

డి-డైమర్ అనే రక్తపరీక్ష ఫైబ్రిన్ కరగడం వలన వచ్చే ముక్కలను కొలుస్తుంది. బయటి రోగులలో ఇది మామూలుగా ఉంటే గడ్డ ఉండే అవకాశం తక్కువని చెప్పవచ్చు. కాని శస్త్రచికిత్స వలన, క్యాన్సర్ వలన కూడా దీని విలువ పెరుగుతుంది. కనుక ఈ రోగులలో పెరిగిన డి-డైమర్‌ను బట్టి గడ్డ ఉందని నిర్ణయించలేరు.

నివారణ

త్వరగా నడిపించడం

ఒకప్పుడు పొట్ట శస్త్రచికిత్స తరువాత రోగిని చాలా రోజులు మంచంలోనే ఉంచేవారు. 1990లలో డెన్మార్క్ శస్త్రవైద్యుడు హెన్రిక్ కేలెట్ పెద్దప్రేగు శస్త్రచికిత్స రోగులకు నొప్పిని బాగా తగ్గించి, త్వరగా ఆహారమిచ్చి, త్వరగా నడిపించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఇప్పుడు చాలా ఆసుపత్రులలో శస్త్రచికిత్స జరిగిన రోజునే గాని, మరునాడు గాని రోగిని మంచం దింపుతారు. నడవలేని వారు మంచంలోనే పాదాలను పైకి, కిందికి కదిలించడం వలన పిక్క కండరాలు పనిచేస్తాయి. అయితే అపాయం ఎక్కువగా ఉన్న ఈ రోగులకు నడక ఒక్కటే సరిపోదు.

యాంత్రిక పద్ధతులు

కాళ్ళకు చుట్టిన తొడుగులలో గాలిని విడతలవారీగా నింపుతూ, వదులుతూ పిక్కలను నొక్కే యంత్రాలను శస్త్రచికిత్స సమయంలోను, తరువాత మంచంలో ఉన్నంత కాలం వాడతారు. రక్తస్రావపు భయం వలన మందులు ఇవ్వలేని రోగులకు ఇవి చాలా ఉపయోగం. బిగుతైన మేజోళ్ళ ప్రయోజనం విషయంలో అభిప్రాయం మారుతోంది. బ్రిటన్‌లో 1,905 మంది శస్త్రచికిత్స రోగులపై జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, హెపారిన్ తీసుకుంటున్న వారికి మేజోళ్ళు కలిపినా చెప్పుకోదగ్గ అదనపు లాభం కనబడలేదు. కాళ్ళ ధమనులలో రక్తప్రసరణ సరిగా లేని వారికి ఇటువంటి మేజోళ్ళు హాని చేస్తాయి.

హెపారిన్

హెపారిన్‌ను 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థి జే మెక్లీన్ కుక్క కాలేయం నుండి కనుగొన్నాడు. అక్కడ ఆచార్యుడైన విలియం హోవెల్ దీనిపై పరిశోధనలు కొనసాగించాడు. కాలేయానికి గ్రీకు భాషలో ఉన్న పేరును బట్టి దీనికి ఈ పేరు వచ్చింది. ప్రస్తుతం దీనిని ముఖ్యంగా పంది ప్రేగుల లోపొర నుండి తయారుచేస్తున్నారు. మతపరమైన కారణాల వలన గాని, ఆహార నియమాల వలన గాని అభ్యంతరం ఉన్న రోగులకు రసాయనికంగా తయారయ్యే ఫోండాపారినక్స్ వంటి మందులు ప్రత్యామ్నాయంగా ఉన్నాయి.

శస్త్రచికిత్సకు ముందే తక్కువ మోతాదులో హెపారిన్ ఇస్తే గడ్డలు తగ్గుతాయా అన్న ప్రశ్నకు 1975లో సమాధానం లభించింది. భారతదేశంలో జన్మించి బ్రిటన్‌లో స్థిరపడిన శస్త్రవైద్యుడు విజయ్ కక్కర్ నాయకత్వంలో పలు దేశాల ఆసుపత్రులలో 4,121 మందిపై పరీక్ష జరిగింది. ఒక వర్గానికి శస్త్రచికిత్సకు రెండు గంటల ముందు 5,000 యూనిట్ల హెపారిన్, తరువాత ఏడు రోజులపాటు ఎనిమిది గంటలకొకసారి అదే మోతాదు ఇచ్చారు. రెండవ వర్గానికి ఇవ్వలేదు. మందు ఇవ్వని వర్గంలో 16 మంది, ఇచ్చిన వర్గంలో ఇద్దరు పల్మనరీ ఎంబాలిజమ్ వలన మరణించినట్లు శవపరీక్షలలో తేలింది. ఈ ఫలితాలతో హెపారిన్ నివారణ చికిత్స శస్త్రచికిత్సా విధానంలో భాగమైంది.

తరువాతి కాలంలో తక్కువ అణుభారం గల హెపారిన్లు వాడుకలోకి వచ్చాయి. వీటిలో ఎనాక్సాపారిన్, డాల్టెపారిన్, టింజాపారిన్ ముఖ్యమైనవి. వీటిని రోజుకు ఒకసారి చర్మం కింద ఇస్తే సరిపోతుంది. నివారణకు ఎనాక్సాపారిన్ సాధారణ మోతాదు రోజుకు 40 మిల్లీగ్రాములు. మూత్రపిండాలు సరిగా పనిచేయని వారిలో మోతాదు తగ్గించాలి.

నాలుగు వారాల చికిత్స

మొదట్లో ఈ సూదిమందును ఆసుపత్రిలో ఉన్నంత కాలం, అనగా సుమారు వారం రోజులు ఇచ్చేవారు. పొట్ట, కటి ప్రదేశాలలో క్యాన్సర్‌కు పొట్ట తెరచి శస్త్రచికిత్స చేయించుకున్న 332 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2002లో వెలువడ్డాయి. అందరికీ 6 నుండి 10 రోజులు ఎనాక్సాపారిన్ ఇచ్చి, తరువాత మూడు వారాలు సగం మందికి అదే మందు, మిగిలినవారికి మందు లేని సూది ఇచ్చారు. నెల చివర సిరలకు ఎక్స్‌రే పరీక్ష చేయగా, వారం మాత్రమే మందు తీసుకున్నవారిలో 12 శాతం మందిలో, నాలుగు వారాలు తీసుకున్నవారిలో 4.8 శాతం మందిలో గడ్డలు కనిపించాయి. తీవ్ర రక్తస్రావంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

లాపరోస్కోపీ పద్ధతిలో కోత చిన్నది, రోగి త్వరగా తిరుగుతాడు. కాబట్టి దీర్ఘకాలపు చికిత్స అవసరం లేదని కొందరు భావించారు. ఇటలీలో లాపరోస్కోపీ ద్వారా పెద్దప్రేగు, పురీషనాళ క్యాన్సర్ శస్త్రచికిత్స చేయించుకున్న 225 మందిపై జరిగి 2014లో ప్రచురితమైన పరీక్షలో, ఒక వారం మందు తీసుకున్న 113 మందిలో 11 మందికి గడ్డలు ఏర్పడ్డాయి. నాలుగు వారాలు తీసుకున్న 112 మందిలో ఆ సమయానికి ఒక్కరికీ ఏర్పడలేదు. ఈ రెండు పరీక్షలలోను గడ్డలలో ఎక్కువ భాగం లక్షణాలు లేనివే. అందువలన అందరికీ నాలుగు వారాలు ఇవ్వాలా, అపాయం ఎక్కువగా ఉన్నవారికే ఇవ్వాలా అన్న చర్చ వైద్యులలో ఉంది. అయినప్పటికీ బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018లో ప్రకటించిన మార్గదర్శకాలు, పొట్టలోని క్యాన్సర్‌కు పెద్ద శస్త్రచికిత్స చేయించుకున్నవారికి నివారణ మందును 28 రోజుల వరకు కొనసాగించాలని సూచిస్తున్నాయి. అమెరికాలోని వైద్య సంఘాల మార్గదర్శకాలు కూడా అపాయం ఎక్కువగా ఉన్న రోగులకు నాలుగు వారాల కాలాన్నే సూచిస్తాయి.

హెపారిన్ గడ్డలను నివారించడంతో పాటు క్యాన్సర్ తిరిగి రాకుండా కూడా కాపాడుతుందేమోనన్న ఆశ కొంతకాలం ఉండేది. పెద్దప్రేగు క్యాన్సర్ రోగులు 614 మందిపై జరిగి 2022లో వెలువడిన పరీక్షలో, టింజాపారిన్‌ను శస్త్రచికిత్సకు ముందునుండి మొదలుపెట్టి ఎక్కువ కాలం ఇచ్చినా అటువంటి ప్రయోజనం కనబడలేదు. కనుక ఈ మందు ఉద్దేశం గడ్డల నివారణ మాత్రమే.

మాత్రలు

రోజూ సూది పొడుచుకోవడం ఇష్టం లేక చాలామంది మందు మధ్యలో ఆపివేస్తారు. ఈ కారణంగా నోటి ద్వారా తీసుకునే మందులను పరీక్షించారు. 2022లో వెలువడిన ఇటలీ అధ్యయనంలో, లాపరోస్కోపీ శస్త్రచికిత్స తరువాత మొదటి వారం హెపారిన్ తీసుకున్న రోగులకు తరువాతి మూడు వారాలు రివరాక్సబాన్ మాత్రలు ఇచ్చారు. మాత్రలు తీసుకున్నవారిలో 1 శాతం, మందు లేని మాత్రలు తీసుకున్నవారిలో 3.9 శాతం మందికి గడ్డలు ఏర్పడ్డాయి.

ఇంటివద్ద సూదిమందు

ఎనాక్సాపారిన్ మోతాదు ముందే నింపిన సిరంజిలలో లభిస్తుంది. రోగి గాని, కుటుంబసభ్యులు గాని ఆసుపత్రి నుండి వెళ్ళేముందు నర్సు వద్ద నేర్చుకొని దీనిని ఇవ్వవచ్చు. బొడ్డుకు కనీసం రెండు అంగుళాల దూరంలో, కోత గాయానికి, మలం సంచి అమర్చిన చోటికి దూరంగా, పొట్టపై చర్మాన్ని మడతగా పట్టుకొని సూదిని నిలువుగా గుచ్చాలి. రోజుకొక పక్క మార్చాలి. ఇచ్చిన తరువాత ఆ చోటును రుద్దితే చర్మం కింద రక్తం చేరి కమిలిపోతుంది. ఈ మందును 25 డిగ్రీల సెల్సియస్‌కు మించని చల్లని చోట ఉంచాలి. గడ్డకట్టించకూడదు. వాడిన సూదులను గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రికి అప్పగించాలి.

నివారణ చికిత్సలో జాగ్రత్తలు

హెపారిన్ వలన కలిగే ముఖ్యమైన ఇబ్బంది రక్తస్రావం. కోత నుండి రక్తం కారడం, మలంలో ఎర్రని లేక నల్లని రక్తం పడటం, ముక్కు నుండి రక్తం ఆగకపోవడం వంటివి కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి. ఆస్పిరిన్, కొన్ని నొప్పి మాత్రలు ఈ అపాయాన్ని పెంచుతాయి.

అరుదుగా హెపారిన్ మొదలుపెట్టిన 5 నుండి 10 రోజుల మధ్య రక్త ఫలకికల సంఖ్య అకస్మాత్తుగా పడిపోతుంది. రోగనిరోధక వ్యవస్థ వలన కలిగే ఈ స్థితిలో రక్తస్రావం కంటే కొత్త గడ్డలు ఏర్పడటమే ఎక్కువ. అప్పుడు హెపారిన్‌ను వెంటనే ఆపి వేరే మందు ఇస్తారు.

నొప్పి తగ్గించడానికి వెన్నులో సన్నని గొట్టం అమర్చే రోగులలో సమయపాలన ముఖ్యం. వెన్నుపాము చుట్టూ రక్తం చేరకుండా, నివారణ మోతాదు ఇచ్చిన తరువాత కనీసం 12 గంటలు ఆగి గొట్టాన్ని అమర్చడం గాని, తీయడం గాని చేస్తారు.

చికిత్స

గడ్డ ఏర్పడినట్లు నిర్ధారణ అయితే రక్తస్కందనాన్ని అడ్డుకొనే మందులను పూర్తి మోతాదులో ఇస్తారు. ఇవి ఉన్న గడ్డను నేరుగా కరిగించవు. అది పెరగకుండా ఆపి, శరీరం దానిని కరిగించుకునే వ్యవధి కల్పిస్తాయి. చికిత్స కనీసం మూడు నెలలు, క్యాన్సర్ ఇంకా మిగిలి ఉన్నా, కీమోథెరపీ జరుగుతున్నా ఆరు నెలలు లేక అంతకంటే ఎక్కువ కాలం కొనసాగుతుంది.

క్యాన్సర్ రోగులలో వార్ఫరిన్ కంటే తక్కువ అణుభారం గల హెపారిన్ మేలని 2003లో వెలువడిన ఒక పరీక్ష చూపింది. ఆరు నెలలలో వార్ఫరిన్ వర్గంలో 53 మందికి, డాల్టెపారిన్ వర్గంలో 27 మందికి గడ్డలు తిరిగి వచ్చాయి. ప్రస్తుతం అపిక్సబాన్, ఎడాక్సబాన్, రివరాక్సబాన్ మాత్రలను కూడా వాడుతున్నారు. అయితే కణితి ఇంకా ప్రేగులో ఉన్న రోగులలో వీటిలో కొన్నింటి వలన ప్రేగు రక్తస్రావం పెరుగుతుంది కనుక జాగ్రత్త అవసరం.

కొత్తగా గడ్డ ఏర్పడి, రక్తస్రావం కారణంగా మందులు ఇవ్వలేని వారికి పొట్టలోని అధోమహాసిరలో జల్లెడ వంటి లోహపు వలను తాత్కాలికంగా అమర్చి, గడ్డలు ఊపిరితిత్తులకు చేరకుండా ఆపుతారు. ప్రాణాపాయ స్థితిలో గడ్డను కరిగించే మందులు ఉన్నప్పటికీ, కొద్ది రోజుల క్రితమే శస్త్రచికిత్స జరిగినవారికి వాటివలన తీవ్ర రక్తస్రావం కలగవచ్చు. అటువంటప్పుడు సన్నని గొట్టం ద్వారా గాని, శస్త్రచికిత్స ద్వారా గాని గడ్డను తీసివేస్తారు. ఊపిరితిత్తుల ధమని నుండి గడ్డను తీసే శస్త్రచికిత్సను జర్మనీలో ఫ్రెడరిక్ ట్రెండెలెన్‌బర్గ్ 1908లో ప్రయత్నించాడు. ఆయన శిష్యుడు మార్టిన్ కిర్ష్నర్ 1924లో మొదటిసారి రోగిని బ్రతికించగలిగాడు.

ప్రాణాపాయం తప్పినా కొందరికి సిర కవాటాలు దెబ్బతిని, కాలు ఎప్పుడూ వాచి ఉండటం, చర్మం నల్లబడటం, మానని పుండ్లు పడటం వంటి బాధలు ఏళ్ళ తరబడి ఉంటాయి.

భారతదేశంలో పరిస్థితి

సిరలలో గడ్డలు పాశ్చాత్యుల వ్యాధి అని, భారతీయులలో అరుదని ఒకప్పుడు భావించేవారు. 32 దేశాలలో 68,183 మంది ఆసుపత్రి రోగులను పరిశీలించి 2008లో వెలువడిన ఎండార్స్ అధ్యయనంలో భారతదేశం కూడా పాల్గొన్నది. భారతదేశపు ఫలితాలను హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన రక్తనాళ శస్త్రవైద్యుడు పింజల రామకృష్ణ 2012లో ప్రచురించాడు. పది ఆసుపత్రులలో పరిశీలించిన 2,058 మందిలో సగానికి పైగా రోగులకు గడ్డల అపాయం ఉన్నట్లు తేలింది. అపాయం ఉన్న శస్త్రచికిత్స రోగులలో ప్రమాణాల ప్రకారం నివారణ చికిత్స అందింది 16.3 శాతం మందికి మాత్రమే. మొత్తం 32 దేశాలలో ఈ సంఖ్య 58.5 శాతం.

తెలుగు ఇళ్ళలో ఆపరేషను అయినవారిని కదలనివ్వకుండా మంచంలోనే ఉంచి సేవ చేయడం ప్రేమకు గుర్తుగా భావిస్తారు. కుట్లు విడిపోతాయన్న భయం కూడా ఇందుకు కారణం. గడ్డల విషయంలో ఈ విశ్రాంతి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. వైద్యులు అనుమతించిన మేరకు రోజుకు అనేక పర్యాయాలు నడవడం, తగినంత నీరు త్రాగడం మంచిది. హైదరాబాదు, విశాఖపట్నం, వెల్లూరు వంటి నగరాలలో శస్త్రచికిత్స చేయించుకొని దూరప్రాంతాలకు బస్సులోనో, రైలులోనో తిరిగి వెళ్ళేవారు గంటల తరబడి కదలకుండా కూర్చోకుండా, మధ్యమధ్య లేచి నడవాలి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ప్రాంతాలలో సూదిమందు నిలువ విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం.

కోత మానిపోయింది, ఆకలి పుడుతోంది, తిరుగుతున్నాడు కనుక ఇక సూది ఎందుకని మూడవ వారంలో మందు ఆపడం తరచుగా జరిగే పొరపాటు. గాయం మానడానికి, రక్తం తిరిగి మామూలు స్వభావానికి రావడానికి పట్టే కాలాలు వేరు. ఆసుపత్రి నుండి వెళ్ళేముందు మందు ఏ తేదీ వరకు వాడాలో డిశ్చార్జి కాగితంలో వ్రాయించుకోవడం అవసరం. ఇంటివద్ద ఒక కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మరునాటి వరకు ఆగకుండా 108 అంబులెన్సు ద్వారా గాని, మరే విధంగా గాని వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఆపరేషను ఎప్పుడు జరిగిందో అక్కడి వైద్యునికి ముందుగా చెప్పాలి.

ఇవి కూడా చూడండి

* పెద్దప్రేగు
* క్యాన్సర్
* రక్తం
* రక్త ఫలకికలు
* సిర
* ఊపిరితిత్తులు
* హెపారిన్
* రుడాల్ఫ్ విర్కో